పంచుకున్న జీపు

కుర్మయ్య చేతి మీదుగా జరిగిన పనుల్లోకెల్లా గొప్పది ఆ జీపు చాసీ. పాడు పని కూడా అతను ఆ చాసీ మీదే చేశాడు. రెంటికీ చెయ్యి ఒకటే, గ్రైండరు ఒకటే. మొదటి పనిని చూసి జీపుల వాళ్లంతా మెచ్చుకున్నారు. రెండోదాన్ని తానే నోరు విప్పి చెప్పుకున్నా ఒక్కడూ నమ్మలేదు.

శంషాబాద్ నుంచి పాల్మాకుల పోయే దారిలో అతనికి వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్లులు, ట్రాక్టర్ ట్రాలీలు చేస్తాడు. నలభై ఆరేళ్ల మనిషి. మాట తక్కువ, కోపం ఎక్కువ. తమ్ముడు శ్రావణ్‌కుమార్ అతనికంటే పన్నెండేళ్లు చిన్న. ఎయిర్‌పోర్టులో విమానాలను వెనక్కి నెట్టే ట్రాక్టర్లు, సామాన్లు మోసే బండ్లు బాగుచేసే మెకానిక్కు. మాట ఎక్కువ, కోపం అంతకన్నా ఎక్కువ. ఇద్దరి ఇళ్లూ పక్కపక్కనే. పొద్దున లేస్తే ఒకరి మొహం ఒకరు చూడక తప్పదు, అది వేరే శిక్ష.

నాలుగేళ్ల కింద, వేలంలో వచ్చిన ఒక పాత మిలిటరీ జీపును ఇద్దరూ కలిసి ఇంటికి లాక్కొచ్చుకున్నారు. పాల్మాకుల అవతల తవ్వి వదిలేసిన క్వారీ గుట్ట ఒకటి ఉంది. ఆదివారం పూట బుద్వేల్ నుంచి, బడంగ్‌పేట్ నుంచి, ఇంకా సిటీ లోపలి నుంచి జీపుల వాళ్లు అక్కడికి చేరి, మేకలు కూడా ఆలోచించి ఎక్కే రాళ్ల మీదికి బండ్లెక్కిస్తారు. పొలానికి పోయేవాళ్లు కాసేపు నిలబడి చూసి, తిన్నదరగక చేసే పని అనుకుని పోతారు. ఈ అన్నదమ్ములిద్దరికి మాత్రం ఆ పిచ్చి తలకెక్కింది. తుక్కుకు పోవాల్సిన జీపును గుట్టలెక్కే బండి చెయ్యాలని పంతం పట్టారు.

ఇంజను, గేర్లు తమ్ముడి పని. ఇనుమంతా అన్న పని. చాసీ అంటే బండి కింద ముందు నుంచి వెనకదాకా పడుకున్న జంట ఇనుప దూలాలు. ఇంజనూ, బాడీ, చక్రాలూ అన్నీ వాటినే నమ్ముకుని ఉంటాయి. ఈ పాత జీపులో ఆ దూలాలు ఒక పక్క తెరిచిన మోరీల మాదిరి ఉన్నాయి. మామూలు రోడ్డుకు అది చాలు. రాళ్ల మీద ఒక చక్రం పైకి, ఒకటి కిందికి పోయినప్పుడు మాత్రం తడిబట్ట పిండినట్టు మెలి తిరుగుతాయి. అందుకని కుర్మయ్య ఆ తెరిచిన పక్కను మందపాటి ప్లేటుతో మూసేశాడు. ఒక్కసారే వెల్డింగ్ చేస్తే వేడికి దూలం వంకర పోతుందని ఇక్కడ జానెడు, అక్కడ జానెడు, చల్లారాక మళ్లీ ఇంకో జానెడు చేసుకుంటూ పోయాడు. షాపు పని అయ్యాక రోజూ ఇదే పని, ఏడు నెలలు. ఆ తరువాత చక్రాల మీద బండి బరువు మోసే కమాన్ పట్టీలు మార్చి బండిని నాలుగంగుళాలు లేపారు. బోల్తాపడినా తల పగలకుండా పైన పైపుల పంజరం కట్టారు. బురదలో కూరుకుపోతే తనను తానే లాక్కోవడానికి ముందర వించి బిగించారు. ఆ నాలుగేళ్లూ కుర్మయ్య భార్య సుమలత, శ్రావణ్ భార్య నిర్మల మొగుళ్ల బట్టల మీద గ్రీజు మరకలు ఉతకలేక ఇద్దరినీ కలిపి తిట్టుకునేవారు. ఆ తిట్లలో కూడా ఒక పొత్తు ఉండేది.

పొత్తు చెడింది ఒక స్టిక్కరు దగ్గర. ఆ గుట్ట మీద ఒంటికాలి మెట్టు అని ఒక చోటు ఉంది. నడుమెత్తు రాతి మెట్టు, ఎక్కేటప్పుడు బండి ముందు చక్రం ఒకటి గాలిలో వేలాడుతుంది, బరువంతా చాసీ మెలి మీద పడుతుంది. ఎడమ పక్కన నలభై అడుగుల లోతున క్వారీ గుంత, అడుగున నల్లటి నీళ్లు. అక్కడ చాలా జీపులు వెనక్కి తగ్గాయి. వీళ్ల జీపు ఎక్కింది. నడిపింది శ్రావణ్. అందరూ చప్పట్లు కొట్టారు, ఫోన్లలో వీడియోలు తీశారు. మరుసటి వారం బానెట్ మీద పెద్ద స్టిక్కరు పడింది. శ్రావణ్ ఆఫ్‌రోడ్ గ్యారేజ్ అని. కింద అన్న పేరు చిన్న అక్షరాల్లో కూడా లేదు.

కుర్మయ్య మూడు రోజులు ఓపిక పట్టాడు. తమ్ముడే తెలుసుకుంటాడనుకున్నాడు. తెలుసుకోలేదు. నాలుగో రోజు, అదీ పోయి పోయి గుట్ట దగ్గర పది మంది జీపుల వాళ్ల ముందు అడిగాడు. రెండు పేర్లు పెడితే చూడ్డానికి బాగుండదని శ్రావణ్ అన్నాడు. మాటకు మాట పెరిగింది. చివరికి శ్రావణ్ ఒక మాటన్నాడు. అది అనకుండా ఉంటే ఈ కథ లేదు.

"బండి కట్టింది నేను. నువ్వు వెల్డింగ్ కొట్టినవ్ అంతే. కూలికి పిలిస్తే ఎవడన్న వచ్చి కొడతడు వెల్డింగ్."

కుర్మయ్య ఇంటికొచ్చాక ఉలి తీసుకుని ఆ స్టిక్కరును గీకేశాడు. స్టిక్కరుతో పాటు బానెట్ రంగు, కిందనున్న పుట్టీ అన్నీ లేచిపోయాయి. శ్రావణ్ వచ్చి చూశాడు. ఆ రోజు వాళ్లు అనుకున్న మాటలు ఇక్కడ రాయడానికి వీల్లేదు. రాత్రికి రెండిళ్ల మధ్య మాటలు లేవు. వారానికి, కలిసి ఉండలేమని తేలింది. నెలకు, జీపును పంచుకోవాలని తేలింది.

పంచడానికి మేనమామ గోపయ్యను పిలిచారు. వీళ్ల పొలాలు పంచినప్పుడు కూడా ఆయనే కూర్చున్నాడు. వీళ్ల ఇళ్లలో పద్ధతి ఒకటే: పెద్దవాడు వాటాలు వెయ్యాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. మిగిలింది పెద్దవాడిది. ఏది మిగులుతుందో తెలియదు కాబట్టి పెద్దవాడు రెండు వాటాలూ సమానంగా వేస్తాడు, అదీ అందులోని కిటుకు. మంచి పద్ధతే. అది పెట్టిన పెద్దలకు పాపం కుర్మయ్య సంగతి తెలియదు.

బండిని అమ్మి వచ్చింది పంచుకోండిరా అని గోపయ్య మొత్తుకున్నాడు. ఇద్దరూ ఒప్పుకోలేదు. అమ్మితే మూడోవాడు ఎక్కి తిరుగుతాడు. అంతకంటే విప్పుకోవడమే మేలనుకున్నారు. పగ పట్టిన అన్నదమ్ముల లెక్కలు ఇలాగే ఉంటాయి, మనకు నవ్వొస్తుంది, వాళ్లకు రాదు.

కుర్మయ్య రెండు వాటాలు వేశాడు. ఇంజను, గేరుబాక్సు, వించి, కొత్త టైర్లు ఒక వాటా. చాసీ, దాని మీద బాడీ, ఇరుసులు, పైపుల పంజరం, బండి కాగితాలు ఇంకో వాటా. చూసినవాళ్లకు సమానంగానే కనబడింది. కుర్మయ్య మనసులో మాత్రం సమానం కాదు. ఇంజను ఏ తుక్కు బజారులోనైనా దొరుకుతుంది. ఆ చాసీ మాత్రం ఎక్కడా దొరకదు. ఏడు నెలల తన బతుకు దాని మీద కుట్టి ఉంది. అది తమ్ముడి చేతికి పోతే, వెల్డింగ్ ఎవడైనా కొడతాడన్న మాట నిజమైపోయినట్టే అనుకున్నాడు. ఆ చాసీ తనకే మిగలాలి. తమ్ముడు ఇంజనే కోరుకోవాలి.

పంపకానికి రెండు రోజుల ముందు, శ్రావణ్ డ్యూటీకి పోయిన పగటి పూట, కుర్మయ్య గ్రైండరుకు సన్నటి కటింగ్ డిస్కు బిగించి జీపు కిందికి దూరాడు. కుడి దూలం మీద, ముందు కమాన్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ పక్కన, ప్లేటు మీద వెంట్రుక మందాన ఒక గీత గీయాలన్నది ఆలోచన. దాని మీద చింతపండు పులుసులో ఉప్పు కలిపి పూస్తే రెండు రోజుల్లో తుప్పు పట్టి పాత పగులు మాదిరి కనబడుతుంది. పగిలిన చాసీ ఎవడు కోరుకుంటాడు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కుర్మయ్య ఈశ్వరుడి గురించి కాదు గాని తమ్ముడి గురించి ఆ ధైర్యంతోనే ఉన్నాడు.

గీత సగం గీశాక డిస్కు ఇరుక్కుంది. బరువు మీదున్న ఇనుము కోస్తే మూసుకుని డిస్కును పట్టేస్తుంది, అది ఇరవై ఐదేళ్ల వెల్డరుకు తెలియంది కాదు. కాని దొంగ పని చేసే చేతికి తొందరెక్కువ. డిస్కు ఒక్క ఎగురు ఎగిరి, బ్రాకెట్ వెనక పడి, ప్లేటును దాటి అసలు దూలం అడుగును కోసుకుంటూ పోయింది. కుర్మయ్య లైటు పెట్టి చూసుకున్నాడు. బయటికి కనబడేది సన్నటి గీతే. బ్రాకెట్ చాటున ఉన్నది మాత్రం చిటికెన వేలంత కోత.

అప్పుడే దానికి వెల్డింగ్ పెట్టి ఉంటే సరిపోయేది. పెట్టలేదు. ఎలాగూ నాకే మిగులుతుంది కదా, నిదానంగా బాగుచేసుకోవచ్చులే అనుకున్నాడు. అంత మంచి పనివాడు చేసిన అంత వెధవ ఆలోచన ఇంకొకటి లేదు. పులుసు పూసి బయటికొచ్చి చేతులు కడుక్కున్నాడు.

పంపకం రోజు గోపయ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. శ్రావణ్ టార్చి పట్టుకుని జీపు కిందికి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు కుర్మయ్య ఊరికే తువ్వాలతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డాడు. శ్రావణ్ బయటికొచ్చి, బట్టలు దులుపుకుని, అన్న మొహంలోకి కాకుండా మామ మొహంలోకి చూసి చెప్పాడు.

"నాకు చాసీ కావాలె మామా."

కుర్మయ్య చెప్పాల్సిన క్షణం అదే. మామ ముందు, రెండిళ్ల ఆడవాళ్ల ముందు, దాని మీద నేనే కోత పెట్టాను, మోసం చేద్దామనుకున్నాను అని చెప్పాలి. పెద్దవాడి వాటా మీద చిన్నవాడికి ఉండే నమ్మకాన్ని పాడు చేశానని ఒప్పుకోవాలి. చెప్పకుండా తువ్వాల మడిచి భుజాన వేసుకున్నాడు. గోపయ్య సరే అన్నాడు. కాగితాలు చేతులు మారాయి. శ్రావణ్ మెకానిక్కు కదా, గీతను చూసి ఉంటాడు, విప్పి బాగుచేసుకుంటాడులే అని కుర్మయ్య తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఇంజను తెచ్చి తన వాకిట్లో రెండు దుంగల మీద పెట్టుకున్నాడు. దానికి కాళ్లు లేవు, ఎక్కడికీ పోదు. సుమలత దాని మీద జల్లెడలో కందిపప్పు ఆరబెట్టుకుంది.

తరువాత ఆరు వారాలు పక్కింట్లో సుత్తి దెబ్బలు వినబడ్డాయి. శ్రావణ్ ఎక్కడి నుంచో ఇంకో ఇంజను తెచ్చి ఎక్కించాడు. వారం రోజులు ఊరి చుట్టూ, గతుకుల్లో తిప్పి చూశాడు. ఆ చప్పుడు దగ్గరికొచ్చినప్పుడల్లా కుర్మయ్య చేతిలో పని ఆగేది. బ్రాకెట్ విప్పాడా, లేదా? అడగడానికి మాటలు లేవు. చివరికి ఒక గురువారం షాపుకొచ్చిన ఒకతను చెప్పాడు, ఈ ఆదివారం గుట్ట మీద పోటీ ఉందట, పది గంటలకు శ్రావణ్ ఒంటికాలి మెట్టు ఎక్కుతాడట అని. కుర్మయ్య ఆ పూట షాపు మూసేశాడు. ఆ మెట్టు మీద చక్రం గాలిలోకి లేచినప్పుడు బరువంతా వచ్చి పడేది సరిగ్గా ఆ బ్రాకెట్ దగ్గరే. అది అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తమ్ముడు చచ్చిపోతాడు.

సాయంత్రం తమ్ముడి వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. పంపకమయ్యాక అదే మొదటిసారి. శ్రావణ్ కూర్చోమనలేదు. కుర్మయ్య ఉన్నదంతా చెప్పాడు. గీత తానే గీశానని, పులుసు పూశానని, డిస్కు ఎగిరిందని, బ్రాకెట్ వెనక కోత ఉందని. చెబుతుంటే చెవులు కాలాయి, అయినా ఆపలేదు. శ్రావణ్ అంతా విని నవ్వాడు.

"అది పగులు కాదని నాకు ఆ రోజే ఎర్కైంది. పగులు గట్ల గీత గీసినట్టు సూటిగ పోతదా? నీ గ్రైండరు గీతలు నాకు తెల్వయా? అందుకే అదే కోరుకున్న. పైన వెల్డింగ్ ఏసిన, రంగు గూడ ఏసిన, అయిపోయింది."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు. తమ్ముడు తన మోసాన్ని కనిపెట్టాడని తెలిసి కుర్మయ్యకు సిగ్గు కన్నా ముందు భయం వేసింది. ఎందుకంటే కనిపెట్టింది సగమే.

"పైన గాదు తమ్మీ. బ్రాకెట్ ఎనక. బ్రాకెట్ ఇప్పి చూడు, ఒక్కసారి చూస్తె సాలు."

"బ్రాకెట్ ఇప్పాలంటే కమాన్ దించాలె, ఇంజను లేపాలె. ఆదివారం పోటీ పోతది. గదే గద నీకు కావాల్సింది?" శ్రావణ్ లేచి నిలబడ్డాడు. "ముందుగాల దొంగ పగులు పెట్టి చాసీ గుంజుకుందామని చూసినవ్. గది కాలె. ఇప్పుడు లేని పగులు చెప్పి బండి ఆపుతున్నవ్. నడువ్ ఇంట్లకెళ్లి."

కుర్మయ్య తల్లి మీద ఒట్టు వేశాడు. ఆ ఒట్టును పంపకం రోజు ఎక్కడ పెట్టుకున్నావని శ్రావణ్ అడిగాడు. ఒకసారి అబద్ధానికి రంగు వేసినవాడి నిజానికి ఎవరూ విలువ ఇవ్వరు, ఇవ్వకపోవడమే న్యాయం కూడా. కుర్మయ్య మీద మనకు జాలి ఉంటే ఉండొచ్చు గాని, తప్పు మాత్రం శ్రావణ్‌ది అనలేం.

శుక్రవారమంతా కుర్మయ్య ఎక్కని గడప లేదు. గోపయ్య దగ్గరికి పోయి చెబితే, పంపకమయ్యాక వాటాల గురించి మాట్లాడొద్దని, మళ్లీ కొట్లాట మొదలుపెడితే తాను ఇద్దరి ఇళ్లలో నీళ్లు కూడా ముట్టనని ఆయన కోప్పడ్డాడు. పోటీ పెట్టేవాళ్ల నంబరు పట్టి ఫోన్ చేశాడు. అటువైపు కోస్తా మనిషి, మర్యాదగానే మాట్లాడాడు. బండిని తాము పరీక్షించామని, బయట వెల్డింగ్ బాగుందని చెప్పి, "మీ అన్నదమ్ముల గొడవలు దయచేసి మా దాకా తీసుకురాకండి" అని పెట్టేశాడు. సుమలతకు మొత్తం చెబితే, ఆమె మొగుడి మొహం చూసి, మీ అమ్మ బతికుంటే నీ మొహాన ఉమ్మేసేది అంది. ఆమె ఒక్కతే నమ్మింది. నమ్మిన ఫలితం అది.

శనివారం శ్రావణ్ పొద్దుటి డ్యూటీ, రెండింటికి గాని రాడు. పదకొండు గంటలకు కుర్మయ్య గ్రైండరు, పొడుగు వైరు పట్టుకుని తమ్ముడి షెడ్డులోకి పోయాడు. నిర్మల దండెం మీద బట్టలు ఆరేస్తోంది. బావను చూసి, చేతిలోది చూసి, తడిచీర బకెట్లో పడేసి పరుగున వచ్చింది.

"బావా, ఆయన ఇంట్ల లేడు. బండి మీద చెయ్యెయ్యకు."

"నీకొక్కటి చూపిస్త బిడ్డా. చూసి నువ్వే చెప్పు ఆయనకు. నేను చెప్తె ఇంటలేడు."

ఆమె అడ్డం నిలబడింది. మగవాడిని, అందులోనూ బావను, చెయ్యి పట్టి లాగలేదు. ఫోన్ తీసి మొగుడికి చేసింది. కుర్మయ్య కిందికి దూరి గ్రైండరు మొదలుపెట్టాడు. బోల్టులు విప్పే తీరిక లేదు. బ్రాకెట్‌నే కోసి పక్కన పడేశాడు. నిప్పురవ్వలు మొహాన పడ్డాయి. రుమాలుతో మసి తుడిచి చూస్తే కోత ఉంది. తాను పెట్టింది చిటికెన వేలంత. ఇప్పుడు దాని కొస నుంచి కొత్త పగులు ఒకటి ఇంకో రెండంగుళాలు పైకి పాకింది. వారం రోజుల గతుకులకే అంత. ఒంటికాలి మెట్టు దాకా పోతే మిగిలిన కాస్తా నిలిచేది కాదు.

నిర్మలను పిలిచాడు. పాపం ఆమె వచ్చి, కింద కూర్చుని, తల వంచి చూసింది. అప్పుడే కోసిన ఇనుము, మసి, ఇంకా వేడి తగ్గని అంచులు.

"నువ్వు కోస్తె కోసినట్టే ఉన్నది గద బావా," అంది మెల్లగా. "గిండ్ల పాతదేదో కొత్తదేదో నాకెట్ల తెలుస్తది?"

కుర్మయ్య ఫోన్‌తో ఫోటో తీశాడు. తీసి తానే చూసుకున్నాడు. అందులో తనకు కూడా కొత్త కోతే కనబడింది. చూపించాలని తెరిచాడు, తెరవడంతోనే సాక్ష్యం చెడిపోయింది. ఇప్పుడు శ్రావణ్ వస్తాడు, కోపంతో ఊగిపోతాడు, దాని మీద ఒక ప్లేటు పెట్టి రాత్రికి రాత్రి వెల్డింగ్ చేయించుకుంటాడు, పంతానికైనా పొద్దున గుట్టకు పోతాడు. తమ్ముడిని పెంచినవాడికి అది తెలియదా? కుర్మయ్య బండి కిందే వెల్లకిలా పడుకుని ఒక నిమిషం కళ్లు మూసుకున్నాడు.

తరువాత గ్రైండరు పట్టుకుని ఎడమ పక్కకు జరిగాడు.

ఎడమ దూలానికి ఏ జబ్బూ లేదు. ఏడు నెలల పనిలో అదే అన్నిటికన్నా బాగా కుదిరింది. ఆ వెల్డింగ్ గీతను చూపించి సిటీ నుంచి వచ్చిన వాళ్లు ఇది చేత్తో చేసిందా అని అడిగేవారు. దాన్ని అడ్డంగా కోశాడు. పై నుంచి కింది దాకా, ప్లేటుతో సహా. కొత్త డిస్కు మార్చి కుడి దూలాన్ని కూడా పూర్తిగా కోశాడు. కోస్తుంటే గుండె మండింది. నిజం చెప్పాలంటే మంటలో కొంచెం చల్లదనం కూడా ఉంది. వెల్డింగ్ ఎవడైనా కొడతాడన్నావు కదరా, ఇప్పుడు పిలుచుకో ఆ ఎవడినో అని ఒక మూలన అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. చెయ్యి మాత్రం ఆగలేదు. జీపు నడుం విరిగి నేల మీదికి కుంగింది. అతను పక్కకు దొర్లకపోతే మీదే పడేది.

శ్రావణ్ యూనిఫాం మీదే వచ్చాడు. వస్తూనే షెడ్డు గడపలో ఆగిపోయాడు. కాసేపు అతనికి తాను చూస్తున్నదేమిటో అర్థం కాలేదు. కుర్మయ్య ఫోన్ చాపి ఫోటో చూపించబోయాడు. ఇప్పుడు కోసి ఇప్పుడే తీశావని శ్రావణ్ దాన్ని తోసేశాడు. వంగి ఈ పక్క చూశాడు, ఆ పక్క చూశాడు.

"కుడి దిక్కు పగిలిందన్నవ్ సరే. ఎడమ దిక్కు గూడ పగిలిందా?"

"లేదు. అది మంచిగనే ఉండె."

"మరి దాన్నెందుకు కోసినవ్?"

"కొయ్యకుంటే నువ్వు ఊకుండవని."

శ్రావణ్ కొట్టాడు. తమ్ముడు అన్న మీద చెయ్యి చేసుకోవడం ఆ ఇంట్లో అంతకుముందు లేదు. నిర్మల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కుర్మయ్య పెదవి పగిలి రక్తం చొక్కా మీద పడింది. తిరిగి చెయ్యి ఎత్తలేదు. ఎత్తకపోవడం చూసి శ్రావణ్‌కు ఇంకా మండింది.

"ఇగ నాకు అన్న లేడు. రేపు నేను సచ్చినా నువ్వు నా గడప తొక్కొద్దు. నువ్వు సచ్చినా నేను రాను. మామ ముందట గూడ జెప్త, ఊరి ముందట గూడ జెప్త."

కుర్మయ్య గ్రైండరు వైరు చుట్టుకుని ఇంటికొచ్చాడు. ఆ సాయంత్రానికి ఊళ్లో సంగతి తెలియనివాడు లేడు. తమ్ముడి పేరు చూసి ఓర్వలేక అన్న బండిని నడుముకి నరికాడని చెప్పుకున్నారు. గోపయ్య ఫోన్ చేసి, నీలాంటివాడిని పెద్దవాడిగా కూర్చోబెట్టి వాటాలు వేయించినందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి అని పెట్టేశాడు. షాపుకు గేటు చేయమని చెప్పినవాళ్లు ఇద్దరు వద్దన్నారు. అవన్నీ న్యాయంగా తనకు రావాల్సినవే అని కుర్మయ్యకు తెలుసు. రావాల్సిన కారణానికి కాక వేరే కారణానికి వచ్చాయి, అంతే.

ఆదివారం పొద్దున్నే లేచి వాకిట్లో కూర్చున్నాడు. టీ ముట్టలేదు. పెదవి వాచి ఉంది. తొమ్మిదిన్నరకు పక్కింట్లో తలుపు చప్పుడైంది. పోటీకి పోవాల్సిన మనిషి పోవడానికి బండి లేక, ఏం చెయ్యాలో తోచక, వాకిట్లో నిలబడి అందరికీ వినబడేలా తిట్టడం మొదలుపెట్టాడు. దొంగ అన్నాడు. అన్నం పెట్టిన చేతిని నరికే జాతి అన్నాడు. పిల్లలు లేని కడుపుమంట అన్నాడు. ఆ మాటకు లోపలి నుంచి సుమలత చీపురు పట్టుకునే బయటికొచ్చింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గంత మాట అంటుంటే గట్ల కూసుంటవేందయ్యా? లేచి ఒక్క మాటన్న అనవా?"

కుర్మయ్య చేత్తో ఆమెను ఆపాడు. లోపలి గోడ గడియారంలో పది దాటి ఐదు నిమిషాలైంది. పక్కింట్లో గొంతు ఇంకా పెద్దదైంది, ఈసారి చచ్చిన తల్లిదండ్రులను కూడా కలిపి తిడుతోంది.

"తిట్టనియ్యి," అన్నాడు. "ఇంట్లనే ఉన్నడు గద."

కుర్చీని ఇంకొంచెం అటువైపుకు జరుపుకుని, చల్లారిన టీ గ్లాసు అందుకుని, ఒక్కో మాటా వింటూ తాగాడు.